హైదరాబాదు నుంచి డాలస్‌కు ఎంత దూరం, ఎన్ని గంటలు?

రెండు ఊళ్ళ మధ్య దూరం అడిగితే ఒక్క అంకెతో జవాబు చెప్పవచ్చుననీ, ఆ అంకెను విమానం వేగంతో భాగిస్తే ప్రయాణ సమయం వచ్చేస్తుందనీ మనలో చాలామంది నమ్ముతారు. పిల్లలు అమెరికాలో స్థిరపడిన తల్లిదండ్రులు మొదటిసారి బయలుదేరబోతూ నన్ను అడిగే ప్రశ్నలు కూడా సరిగ్గా ఈ రెండే. మా అమ్మాయి డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటుంది, పైగా నేను చాలా కాలం బడిలో భూగోళశాస్త్రం చెప్పిన వాడిని, కాబట్టి మా వీధిలో ఈ లెక్కలన్నీ నా దగ్గరికే వస్తాయి. అడిగిన ప్రతివారికీ విడివిడిగా చెప్పే బదులు, హైదరాబాదు–డాలస్ ప్రయాణాన్నే ఉదాహరణగా తీసుకొని, ఏ అంకె దేన్ని కొలుస్తుందో ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఎక్కడి నుంచి ఎక్కడి వరకు, ఏ దారిన కొలిచారో తెలియకుండా కిలోమీటర్లను గానీ గంటలను గానీ నమ్ముకొని ప్రయాణం ఏర్పాటు చేసుకోకూడదన్నది నా అభిప్రాయం.

ఫోనులో ఈ దూరం వెతికితే ఒకచోట 14,420 అనీ, ఇంకొకచోట 8,960 అనీ, మరొకచోట 7,790కి దగ్గరగానూ కనిపిస్తుంది. ఈ మూడూ ఒకటే దూరం. మొదటిది కిలోమీటర్లలో, రెండోది అమెరికాలో రోడ్ల మీద వాడే మైళ్ళలో, మూడోది విమానాలకూ ఓడలకూ వాడే నాటికల్ మైళ్ళలో చెప్పిన అంకెలు. మామూలు మైలు 1.609 కిలోమీటర్లు, నాటికల్ మైలు సరిగ్గా 1,852 మీటర్లు. భూమి మీద ఒక డిగ్రీ అక్షాంశాన్ని అరవై నిమిషాలుగా భాగిస్తే, ఒక్కొక్క నిమిషానికి వచ్చే పొడవు ఇంచుమించు ఈ నాటికల్ మైలే. నావికులూ పైలట్లూ దీన్ని వదులుకోకపోవడానికి కారణం అదే. అంకె పక్కన ప్రమాణం లేని దూరాన్ని ఎక్కడ చూసినా ముందుగా అనుమానించవలసింది దీన్నే.

ఇక ఆ 14,420 కిలోమీటర్లు ఏ దారిన కొలిచినవి? గోడకు తగిలించిన ప్రపంచ పటం మీద హైదరాబాదుకూ డాలస్‌కూ మధ్య స్కేలు పెట్టి గీత గీస్తే, ఆ గీత అరేబియా మీదుగా, సహారా ఎడారి మీదుగా, అట్లాంటిక్ దాటి టెక్సస్ చేరుతుంది. అక్షాంశాలనూ రేఖాంశాలనూ సరళరేఖలుగా చూపే మెర్కేటర్ పటం మీద గీసిన ఆ సరళరేఖ వెంబడే విమానం నిజంగా ఎగిరితే సుమారు 17,700 కిలోమీటర్లు తిరగవలసి వస్తుంది. గుండ్రటి భూమిని చదును చేసినప్పుడు పటం పైభాగం బాగా సాగిపోతుంది కాబట్టి, పటం మీద అతి పొట్టిగా కనిపించే దారి నేల మీద అతి పొట్టి దారి కాకుండా పోతుంది. నిజంగా పొట్టి దారి మహావృత్తం వెంబడి ఉంటుంది. భూమి కేంద్రం గుండా, ఆ రెండు ఊళ్ళ గుండా ఒక తలాన్ని ఊహిస్తే, అది భూమి ఉపరితలాన్ని కోసే గీతే మహావృత్తం.

లెక్కలు ఇష్టపడని వాళ్ళు దీన్ని గ్లోబు మీద దారంతో కళ్ళారా చూడవచ్చు. ముప్పై సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గ్లోబు అయితే దాని చుట్టుకొలత తొంభై నాలుగు సెంటీమీటర్లు దాటుతుంది, భూమి చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు, కాబట్టి దారం మీద ఒక్కొక్క సెంటీమీటరు సుమారు 425 కిలోమీటర్లకు సమానం. దారం ఒక కొసను హైదరాబాదు మీద బొటనవేలితో అదిమిపెట్టి, రెండో కొసను డాలస్ మీదికి లాగి బిగిస్తే, ఆ దారం పడమటికి పోదు. వదులుగా ఉన్నంతసేపూ అరేబియా వైపు జారుతుంది గానీ, బిగించే కొద్దీ పైకి ఎగబాకి, చివరికి గ్లోబు పైన ఇరుసు గుచ్చిన బొడిపె దగ్గరికి వచ్చి ఆగుతుంది. ఆ దారాన్ని తీసి స్కేలు మీద పెడితే ముప్పై నాలుగు సెంటీమీటర్లు ఉంటుంది. 425తో గుణిస్తే పద్నాలుగు వేల నాలుగు వందల యాభై కిలోమీటర్లు వస్తుంది. ఇంట్లో పది నిమిషాల్లో చేసిన కొలతకు ఇంత దగ్గరి ఫలితం రావడం నాకు ఇప్పటికీ సంతోషాన్నిస్తుంది.

దారం ధ్రువం వైపు ఎందుకు పోతుందో రేఖాంశాలు చూస్తే తెలుస్తుంది. శంషాబాదు విమానాశ్రయం 17.24 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.43 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. డాలస్–ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయం 32.90 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 97.04 డిగ్రీల పశ్చిమ రేఖాంశం మీద ఉంది. రెండు రేఖాంశాలనూ కలిపితే 175.47 డిగ్రీలు, అంటే ఇంకొక నాలుగున్నర డిగ్రీలు ఉంటే అవి భూమికి సరిగ్గా ఎదురెదురు వైపుల ఉండేవి. ఎదురెదురు రేఖాంశాల మీద, రెండూ ఉత్తరార్ధగోళంలోనే ఉన్న ఊళ్ళ మధ్య పొట్టి దారి ఉత్తర ధ్రువం మీదుగానే ఉంటుంది.

త్రికోణమితి గుర్తున్నవారు క్యాలిక్యులేటరు మీద ఇలా చేయవచ్చు. రెండు అక్షాంశాల సైన్‌లనూ గుణించి ఒక పక్కన పెట్టుకోవాలి. రెండు అక్షాంశాల కొసైన్‌లనూ, రేఖాంశాల తేడా కొసైన్‌నూ కలిపి గుణించి, ఆ లబ్ధాన్ని మొదటిదానికి కూడాలి. వచ్చిన మొత్తం ఏ కోణానికి కొసైన్ అవుతుందో ఆ కోణమే, భూమి కేంద్రం నుంచి చూసినప్పుడు రెండు ఊళ్ళ మధ్య ఎడం. మన ఉదాహరణలో అది సుమారు 129.7 డిగ్రీలు. భూమి సగటు వ్యాసార్ధం 6,371 కిలోమీటర్లు అనుకుంటే ఒక్కొక్క డిగ్రీకి 111.2 కిలోమీటర్ల చొప్పున 14,420 కిలోమీటర్లు అవుతుంది. భూమి పరిపూర్ణమైన గోళం కాదు, భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 6,378 కిలోమీటర్లు, ధ్రువాల దగ్గర 6,357 కిలోమీటర్లు. ఆ తేడాను కూడా లెక్కలోకి తీసుకుంటే ఈ దారికి పదిహేను కిలోమీటర్లు పెరుగుతాయి. ప్రయాణికుడికి ఆ పదిహేను కిలోమీటర్లతో పని లేదు.

ఈ దారి ఏ ఊళ్ళ మీదుగా పోతుందో గీసి చూస్తే మాత్రం ఆశ్చర్యం కలుగుతుంది. శంషాబాదు నుంచి ఉత్తరానికి అయిదు డిగ్రీలు పడమటికి వాలుగా బయలుదేరిన రేఖ ఢిల్లీ తూర్పు అంచును తాకి, హిమాలయాలు దాటి, కారకోరంలో ప్రపంచంలోకెల్లా రెండో ఎత్తైన కే-2 శిఖరం పక్కనుంచి పోయి, చైనాలో కాష్గర్ మీదుగా, బిష్కెక్‌కూ ఆల్మాటీకీ నడుమగా మధ్య ఆసియాను దాటి, సైబీరియాలో ఓమ్స్క్ నగరం మీదుగా కారా సముద్రం చేరుతుంది. అక్కడి నుంచి ఉత్తర ధ్రువానికి సుమారు 525 కిలోమీటర్ల దూరంలో మలుపు తిరిగినట్టు కనిపించి, కెనడాలో హడ్సన్ అఖాతం పడమటి భాగం మీదుగా దిగి, మిన్నెసోటా, కాన్సస్, ఓక్లహోమాల మీదుగా టెక్సస్ చేరుతుంది. మలుపు అన్నది మన కంటికే. ఆ దారి పొడుగునా ఎక్కడా పక్కకు తిరగడం ఉండదు.

ఆ రేఖలో మొదటి భాగం మన దేశ చరిత్రలో ఇంకొక గొప్ప కొలత జరిగిన దారికి దగ్గరదగ్గరగా సాగడం నాకు చాలా ఇష్టమైన విషయం. ఒక డిగ్రీకి 111 కిలోమీటర్లు అని మనం ఇప్పుడు అలవోకగా రాసే అంకెను నిక్కచ్చిగా తేల్చడానికి బ్రిటిష్ సర్వే అధికారి విలియం లాంబ్టన్ 1802లో మద్రాసులో సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఉక్కు గొలుసులతో ఒక ఆధార రేఖను, అంటే తరువాతి త్రిభుజాల లెక్కలన్నిటికీ మొదలైన పొడవును, కొలిచాడు. అక్కడి నుంచి త్రిభుజాల మీద త్రిభుజాలు పేర్చుకుంటూ కన్యాకుమారి నుంచి హిమాలయాల పాదాల వరకు డెబ్బై ఎనిమిదో రేఖాంశానికి దగ్గరగా సాగిన ఆ సర్వే నిజాం రాజ్యం గుండానే నడిచింది. 1815లో బీదరు దగ్గర ఇంకొక ఆధార రేఖను కొలిచారు. తరువాతి కాలంలో విశాఖపట్నం దగ్గర కూడా ఒకటి కొలిచారు. లాంబ్టన్ 1823లో హింగన్‌ఘాట్‌లో పని మధ్యలోనే చనిపోగా, జార్జ్ ఎవరెస్ట్ ఆ పనిని ఉత్తరానికి కొనసాగించాడు. ఎండలో, జ్వరాలలో గొలుసులు మోసి, గుట్టలెక్కి దీపాలు వెలిగించిన వందలాది మంది మన కూలీల పేర్లు ఎక్కడా లేవు. మనం క్యాలిక్యులేటరులో వేసే భూమి వ్యాసార్ధం వెనుక వారి శ్రమ కూడా ఉంది.

అయితే ఆ 14,420 కిలోమీటర్ల దారిన మనల్ని ఎవరూ తీసుకువెళ్ళరు. హైదరాబాదు నుంచి డాలస్‌కు నేరుగా వెళ్ళే విమానం లేదు. మధ్యలో దుబాయిలోనో, దోహాలోనో, ఐరోపాలోనో, ఢిల్లీలోనో దిగి విమానం మారాలి. దుబాయి మీదుగా వెళితే హైదరాబాదు నుంచి దుబాయికి సుమారు 2,550 కిలోమీటర్లు, దుబాయి నుంచి డాలస్‌కు సుమారు 12,920 కిలోమీటర్లు, మొత్తం 15,470 కిలోమీటర్లు. దోహా మీదుగా అయితే 15,660 కిలోమీటర్లు. ముందుగా పడమటికి వెళ్ళి మళ్ళీ ఉత్తరానికి తిరగడం చాలా చుట్టుదారి అని తోస్తుంది గానీ, దుబాయి దారి నేరు దారి కంటే ఏడు శాతమే ఎక్కువ. విమానం వేగానికి అది గంటా పావు ప్రయాణం. ఆ విమానాశ్రయంలో కూర్చోవలసిన గంటలే అసలు బరువు. అందువల్ల టికెట్టు ఎంచుకునేటప్పుడు ఏ ఊరి మీదుగా వెళితే దూరం తగ్గుతుందని ఆలోచించడం కంటే, ఆ ఊరిలో ఎంతసేపు ఆగవలసి వస్తుందో చూసుకోవడం చాలా ముఖ్యం.

ఈ కిలోమీటర్లు కూడా కనీస దూరాలే. విమానం తనకు కేటాయించిన గగనమార్గాల్లో, దేశాల అనుమతుల ప్రకారం ఎగురుతుంది. 2019 ఫిబ్రవరి 27 నుంచి జూలై 16 వరకు పాకిస్తాన్ తన గగనతలాన్ని మూసివేసినప్పుడు ఢిల్లీ నుంచి పడమటికి వెళ్ళే విమానాలు గుజరాత్ దాకా దిగి, సముద్రం మీదుగా చుట్టు తిరిగి పోవలసి వచ్చింది. 2025 ఏప్రిల్ 24 నుంచి మన విమానాలకు మళ్ళీ అదే పరిస్థితి ఏర్పడింది. ఢిల్లీకీ న్యూయార్క్‌కూ మధ్య దూరం ఆ రోజుల్లో ఒక్క మీటరు కూడా పెరగలేదు, ప్రయాణం మాత్రం పెరిగింది. హైదరాబాదు నుంచి గల్ఫ్‌కు వెళ్ళే దారి మహారాష్ట్ర మీదుగా అరేబియా సముద్రంలోకి పోతుంది కాబట్టి దానికి పాకిస్తాన్ అవసరం లేదు.

ఇక గంటల సంగతికి వస్తాను, ఎందుకంటే తప్పుడు అంచనాలన్నీ ఇక్కడే పుడతాయి. దూరాన్ని గంటకు 850 కిలోమీటర్ల చొప్పున భాగించి, ఎక్కడానికీ దిగడానికీ ఒక అరగంట కలిపితే హైదరాబాదు–డాలస్‌కు పదిహేడున్నర గంటలు వస్తుంది. దూరం చెప్పే చాలా పేజీలు చేసేది ఇంతే. లేని విమానానికి, గాలి లేని ఆకాశంలో వేసిన లెక్క అది. దాన్ని చూసి ఒక రాత్రీ ఒక పగలూ కూడా పట్టదని ధైర్యం తెచ్చుకున్న పెద్దవాళ్ళు, తీరా బయలుదేరాక ఇంటి గడప నుంచి గడపకు ముప్పై గంటలు గడిచేసరికి కుంగిపోతారు.

విమానానికి రెండు వేగాలు ఉంటాయి. తన చుట్టూ ఉన్న గాలిలో అది పోయే వేగం ఒకటి, నేల మీద దాని నీడ కదిలే వేగం ఇంకొకటి. గోదావరిలో పడవ ఏటివాలున పోయేటప్పుడూ, ఎదురెక్కేటప్పుడూ తెడ్డు వేసే బలం ఒకటే అయినా ఒడ్డు చేరే వేళ వేరవుతుంది. ఇదీ అంతే. ముప్పై నుంచి నలభై వేల అడుగుల ఎత్తున, భూమి మధ్య అక్షాంశాల్లో పడమటి నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి ప్రవాహం ఉంటుంది. చలికాలంలో అది ఉత్తర భారతం మీదికి దిగి, గంటకు రెండు వందల కిలోమీటర్లు దాటి వీస్తుంది. దుబాయి నుంచి డాలస్‌కు పోవడానికి ఇంచుమించు పదహారు గంటలు పడితే, అదే దూరం తిరిగి రావడానికి పద్నాలుగున్నర గంటలు పట్టడానికి కారణం ప్రధానంగా ఈ గాలే. హైదరాబాదు నుంచి దుబాయికి వెళ్ళేటప్పటి కంటే వచ్చేటప్పుడు అరగంట తక్కువ కావడం కూడా మన వాళ్ళు గమనించే ఉంటారు.

దూరం ఎక్కువైనా సమయం తక్కువ కావచ్చుననడానికి ఎయిర్ ఇండియా ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని మించిన ఉదాహరణ నాకు తెలియదు. మొదట్లో అది అట్లాంటిక్ మీదుగా సుమారు 13,900 కిలోమీటర్లు ప్రయాణించేది. 2016 అక్టోబరులో దాన్ని తూర్పుకు తిప్పి పసిఫిక్ మహాసముద్రం మీదుగా నడిపారు. దూరం 15,300 కిలోమీటర్లకు పెరిగినా, వెనుక నుంచి తోసిన గాలివల్ల ఆ ప్రయాణం పద్నాలుగున్నర గంటల్లో ముగిసి, పాత దారి కంటే దాదాపు రెండు గంటలు ఆదా అయింది. తిరుగు ప్రయాణం అట్లాంటిక్ మీదుగానే సాగడంతో ఆ విమానం రానూపోనూ భూమిని ఒక చుట్టు చుట్టినట్టయింది. 1,400 కిలోమీటర్లు ఎక్కువ ఎగిరి రెండు గంటలు ముందు చేరిందంటే, కిలోమీటర్లను మాత్రమే చూసి గంటలు చెప్పడం ఎంత పొరపాటో వేరే చెప్పనక్కరలేదు.

మన ప్రాంతానికి సంబంధించిన ఇంకొక గాలి ఉంది. నైరుతి రుతుపవనాల కాలంలో దక్షిణ భారతం మీద చాలా ఎత్తున తూర్పు నుంచి పడమటికి ఒక బలమైన ప్రవాహం వీస్తుంది. ఈ తూర్పు జెట్ ప్రవాహాన్ని గుర్తించి 1950లలో శాస్త్రలోకానికి వివరించినవారు మన తెలుగువారైన వాతావరణ శాస్త్రవేత్త పంచేటి కోటేశ్వరం. తరువాత ఆయన భారత వాతావరణ శాఖకు అధిపతిగా కూడా పనిచేశారు. వర్షాకాలంలో విశాఖ నుంచి హైదరాబాదుకు వచ్చే విమానానికీ, హైదరాబాదు నుంచి పడమటికి బయలుదేరే విమానానికీ పై గాలి కొంత అనుకూలించడం ఈ కాలపు విశేషం. ఆయన పేరు మన పాఠ్యపుస్తకాల్లో ఇంకా బాగా కనిపించాలని నా కోరిక.

గాలి లేకపోయినా భాగహారం పనిచేయని చోటు ఒకటుంది, అది దగ్గరి ప్రయాణం. శంషాబాదుకూ విశాఖపట్నానికీ మధ్య గగనమార్గాన సుమారు 511 కిలోమీటర్లు. విజయవాడ మీదుగా రోడ్డున 620 కిలోమీటర్ల పైచిలుకు. సికింద్రాబాదు నుంచి వరంగల్, ఖమ్మం, విజయవాడల మీదుగా పోయే వందే భారత్ రైలుకు 699 కిలోమీటర్లు, ఎనిమిదిన్నర గంటలు. 511ను 830తో భాగిస్తే ముప్పై ఏడు నిమిషాలు రావాలి. టికెట్టు మీద గంటా పావుకు అటూ ఇటూగా ఉంటుంది. కంపెనీలు సమయాన్ని కావాలని పెంచి చూపిస్తున్నాయని కొందరు అనుకుంటారు. కొంత వెసులుబాటు కలుపుకునే మాట నిజమే గానీ, అసలు కారణం వేరే ఉంది. జెట్ విమానం దిగేటప్పుడు ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకూ సుమారు మూడు నాటికల్ మైళ్ళ దూరం కావాలన్నది పైలట్ల వాడుక లెక్క. ముప్పై మూడు వేల అడుగుల నుంచి దిగడానికి వంద నాటికల్ మైళ్ళు, అంటే 185 కిలోమీటర్లు పోతాయి. ఎక్కడానికి కూడా ఇంచుమించు అంతే దూరం పడుతుంది. 511లో ఇక మిగిలేది 140 కిలోమీటర్లు. ఆ పది నిమిషాలే విమానం తన పూర్తి వేగంతో పోయేది. పది వేల అడుగుల కింద సాధారణంగా 250 నాట్ల (గంటకు 250 నాటికల్ మైళ్ళ) వేగం దాటకూడదన్న నియమం మిగతా సమయాన్ని ఇంకా సాగదీస్తుంది. శంషాబాదు రన్‌వే తూర్పు పడమరలుగా ఉంటుంది కాబట్టి, గాలి పడమటి నుంచి వీచే రోజున విశాఖ విమానం ముందు పడమటికి లేచి, వెనక్కి తిరిగి తూర్పుకు పోవాలి. విశాఖలో నౌకాదళ స్థావరమైన ఐఎన్ఎస్ డేగా రన్‌వే చుట్టూ కొండలు ఉన్నాయి, అక్కడా తిన్నగా వచ్చి వాలడం ప్రతిసారీ కుదరదు.

టికెట్టు మీద రాసే సమయం ఆకాశంలో గడిపే సమయం కాదని కూడా తెలుసుకోవాలి. విమానం గేటు దగ్గర చక్రాల అడ్డుకట్టలు తీసి కదిలిన క్షణం నుంచి, అవతలి ఊరిలో గేటు దగ్గర ఆగే క్షణం వరకు లెక్కిస్తారు, దాన్ని బ్లాక్ టైమ్ అంటారు. డాలస్–ఫోర్ట్‌వర్త్ వంటి చోట ఈ తేడా చిన్నది కాదు. డెబ్బై చదరపు కిలోమీటర్లకు దగ్గరగా విస్తరించి, ఏడు రన్‌వేలున్న విమానాశ్రయం అది. చక్రాలు నేలను తాకిన తరువాత గేటు చేరడానికే పావుగంట దాటిపోయే సందర్భాలు ఉంటాయి.

అన్నింటికంటే ఎక్కువ తికమక పెట్టేది గడియారం. బయలుదేరే సమయం ఆ ఊరి గడియారం ప్రకారం, చేరే సమయం చేరిన ఊరి గడియారం ప్రకారం రాస్తారు కాబట్టి, ఒకదాని నుంచి ఇంకొకదాన్ని తీసివేస్తే ప్రయాణ కాలం రాదు. నేను ఎవరికైనా చెప్పే పద్ధతి ఒక్కటే. అన్ని సమయాలనూ ముందుగా యూటీసీలోకి, అంటే ప్రపంచమంతటికీ ఉమ్మడి ప్రామాణిక సమయంలోకి మార్చుకొని, ఆ తరువాతనే తీసివేయాలి. ఉదాహరణకు చలికాలంలో హైదరాబాదులో రాత్రి 10:00కి బయలుదేరే విమానం తీసుకుందాం. మన సమయం యూటీసీ కంటే అయిదున్నర గంటలు ముందు, కనుక అది 16:30. దుబాయిలో అర్ధరాత్రి దాటి 12:20కి దిగితే, దుబాయి నాలుగు గంటలు ముందు, కనుక 20:20. మొదటి ప్రయాణం మూడు గంటల యాభై నిమిషాలు. దుబాయిలో తెల్లవారుజాము 2:40కి, అంటే 22:40కి ఎక్కి, డాలస్‌లో ఉదయం 9:00కి దిగితే, చలికాలంలో డాలస్ ఆరు గంటలు వెనుక, కనుక అది 15:00. రెండో ప్రయాణం పదహారు గంటల ఇరవై నిమిషాలు. మొత్తం 16:30 నుంచి మరునాడు 15:00 వరకు ఇరవై రెండున్నర గంటలు, అందులో విమానాల్లో ఇరవై గంటల పది నిమిషాలు, దుబాయిలో రెండు గంటల ఇరవై నిమిషాలు. టికెట్టును పైపైన చూస్తే రాత్రి పదికి ఎక్కి పొద్దున తొమ్మిదికి దిగినట్టు, పదకొండు గంటల ప్రయాణంలా కనిపిస్తుంది. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం వరకు అమెరికాలో గడియారాన్ని ఒక గంట ముందుకు జరుపుతారు. అప్పుడు మనకూ డాలస్‌కూ తేడా పదకొండున్నర నుంచి పదిన్నర గంటలకు తగ్గుతుంది.

ఈ లెక్క ఇంత ఓపికగా వివరించడానికి ముఖ్యమైన కారణం మందులు. రక్తపోటుకో, మధుమేహానికో రోజూ వేళకు మందు వేసుకునే పెద్దవాళ్ళు గోడ గడియారాన్ని నమ్ముకుంటే, పడమటికి వెళ్ళేటప్పుడు రెండు మోతాదుల మధ్య ఎడం బాగా పెరిగిపోతుంది, తిరిగి వచ్చేటప్పుడు అంతగానూ తగ్గిపోతుంది. శరీరానికి తెలిసేది గడిచిన గంటలు మాత్రమే. అందుచేత చేతి గడియారాన్ని ప్రయాణం పూర్తయ్యే వరకు హైదరాబాదు సమయం మీదనే ఉంచి, దాని ప్రకారం ఏ గంటకు ఏ మందు, ఏ గంటకు భోజనం అన్నది ముందుగానే ఒక కాగితం మీద రాసుకోవాలి. ఆ కాగితాన్ని డాక్టరుకు చూపించి, ముఖ్యంగా ఇన్సులిన్ తీసుకునేవారు మోతాదు మార్చాలో అక్కరలేదో కనుక్కొని బయలుదేరాలి. డాక్టరుకు కూడా కావలసింది కిలోమీటర్లు కావు, ఆగే సమయంతో కలిపి మొత్తం ఎన్ని గంటలన్నదే.

నేల మీది రెండు కొసలను కూడా కలిపితే గానీ లెక్క పూర్తి కాదు. 2008 మార్చిలో విమానాశ్రయం బేగంపేట నుంచి శంషాబాదుకు మారినప్పుడు ఏ ఊరికీ గగన ప్రయాణం చెప్పుకోదగినంత పెరగలేదు, తగ్గలేదు. సికింద్రాబాదులో ఉండేవారికి మాత్రం ఇంటి నుంచి విమానం దాకా పట్టే సమయం పూర్తిగా మారిపోయింది. విశాఖ వారికి భోగాపురం దగ్గర తలపెట్టిన విమానాశ్రయంతో అదే అనుభవం ఎదురవుతుంది. అంతర్జాతీయ ప్రయాణానికి మూడు గంటల ముందు చేరాలి, దానికి ముందు కారులో గంటో గంటన్నరో, డాలస్‌లో దిగాక ఇమిగ్రేషన్ వరుసలో ఎంతసేపైనా పట్టవచ్చు, తరువాత సామాను బెల్టు దగ్గర నిలబడాలి. అమ్మాయి ఉండేది విమానాశ్రయాన్ని ఆనుకున్న ఇర్వింగ్‌లో అయితే కొద్ది నిమిషాలు, ఫ్రిస్కోలో అయితే ఇంకొక నలభై కిలోమీటర్లు. పైన చెప్పిన ఇరవై రెండున్నర గంటల ప్రయాణానికి ఇవన్నీ చేర్చితే ఇరవై తొమ్మిది, ముప్పై గంటలు అవుతుంది. బయలుదేరే పెద్దవాళ్ళకు నేను చెప్పే అంకె ఇదే. విన్నప్పుడు బరువుగా ఉన్నా, దానికి తగ్గట్టు మందులు, తిండి, నిద్ర సిద్ధం చేసుకొని వెళ్ళిన వారు తేలికగా చేరుకుంటారు.

తిరుగు ప్రయాణానికి లెక్క విడిగా వేసుకోవాలి. చలికాలంలో డాలస్‌లో శనివారం పగలు 11:30కి, అంటే యూటీసీ 17:30కి బయలుదేరితే, పద్నాలుగున్నర గంటల తరువాత ఆదివారం 08:00కి, అంటే దుబాయి గడియారంలో మధ్యాహ్నం 12:00కి దిగుతారు. రెండు గంటలు ఆగి, మూడుంపావు గంటలు ప్రయాణిస్తే 13:15, అంటే మన సమయం ఆదివారం సాయంత్రం 6:45. టికెట్టు మీది రెండు వేళల మధ్య ముప్పై ఒకటింపావు గంటల తేడా కనిపిస్తుంది గానీ, నిజంగా గడిచినవి పందొమ్మిది గంటల నలభై అయిదు నిమిషాలే. శనివారం పొద్దున డాలస్‌లో మందు వేసుకున్నవారు, ఆదివారం పేరు చూసి విమానంలో తొందరపడి మళ్ళీ వేసుకోకుండా, శంషాబాదులో దిగి ఇంటికి చేరాక రాత్రి భోజనం వేళకు వేసుకుంటే ఇరవై నాలుగు గంటల ఎడం ఇంచుమించు సరిపోతుంది.